కత్తికి ముందు కసరత్తు

మోకాలి గుజ్జు చిరిగిందనగానే ఆపరేషన్ బల్ల కళ్ల ముందు కదులుతుంది. నడివయసు వారిలో చాలామందికి 12 వారాల వ్యాయామం కూడా అంతే మేలు చేస్తుందని పరిశోధనలు తేల్చాయి. చిక్కల్లా ఆ వ్యాయామం సరిగ్గా దొరకడమే.

ఎంఆర్ఐ రిపోర్టు నిండా వైద్య పరిభాషే. అందులో ఒక్క మాట మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది: టేర్. అంటే చిరిగింది.

గుంటూరులోనో వరంగల్‌లోనో ఓ 48 ఏళ్ల స్కూలు టీచర్‌ను ఊహించుకోండి. వ్రతం పూర్తయి పీట మీద నుంచి లేస్తుంటే మోకాలు కటుక్కుమంది. రెండు రోజులకు కాస్త వాచింది. మెట్లు దిగుతుంటే లోపల ఏదో గుచ్చుకుంటున్నట్టుంది. నెల రోజులు పట్టీ వేసుకుని, నొప్పి బిళ్లలు మింగాక స్కానింగ్ తీయించారు. లోపలి వైపు మెనిస్కస్ చిరిగిందని తేలింది. చిన్న ఆపరేషనే, రెండు రంధ్రాలు చాలు, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చని డాక్టర్ భరోసా ఇస్తారు. ఇంట్లో వాళ్లు సెలవుల లెక్క మొదలుపెడతారు. ఆ గదిలో ఆమె అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చాలామంది అడగరు. ఈ ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుంది?

గత పాతికేళ్లుగా అనేక దేశాల వైద్యులు తమను తాము వేసుకున్న ప్రశ్న కూడా అదే. జవాబు వారిలోనే చాలామందికి మింగుడు పడలేదు.

జనం 'గుజ్జు' అని పిలిచేది మోకాలిలో నిజానికి రెండు రకాలుగా ఉంటుంది. ఎముకల చివర్ల మీద నున్నగా, జారుడుగా పరుచుకున్న మృదులాస్థి పొర ఒకటి. తొడ ఎముకకూ కింది కాలి ఎముకకూ మధ్య నెలవంకల్లా ఒదిగి ఉండే రెండు మెత్తలు రెండోది. వాటినే మెనిస్కస్ అంటారు. శరీరం బరువును ఎముకల మీద సమంగా పరిచే పని వాటిది. నున్నటి పొరకు రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. మెత్తలకు బయటి అంచున మాత్రమే రక్తం అందుతుంది. అందుకే లోపలి అంచున పడ్డ చిరుగు చర్మం మీది గాయంలా మానదు.

మానదు కాబట్టి కత్తిరించి తీసేయడమే మార్గమని దశాబ్దాల పాటు వైద్యులు భావించారు. మెనిస్కస్‌ను పూర్తిగా తీసేసిన మోకాళ్లు ఎక్స్‌రేలో మారిపోతున్నాయని, ఎముకల మధ్య ఖాళీ తగ్గిపోతోందని బ్రిటిష్ సర్జన్ ఫెయిర్‌బ్యాంక్ 1948లోనే చూపించారు. తర్వాత కీహోల్ పద్ధతి వచ్చింది. మొత్తం కాకుండా చిరిగిన ముక్కను మాత్రమే కత్తిరించడం సాధ్యమైంది. కోత చిన్నది కావడంతో ఆపరేషన్‌కు వెనకాడేవారు తగ్గారు.

అయితే ఆ చిరుగే నొప్పికి కారణమా? అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 50 నుంచి 90 ఏళ్ల మధ్య వయసున్న 991 మందికి, మోకాలి నొప్పి ఉందా లేదా అని చూడకుండానే స్కానింగ్ తీశారు. 2008లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 35 శాతం మందికి మెనిస్కస్ దెబ్బతిని ఉంది. అలా దెబ్బతిన్నవారిలో 61 శాతం మందికి అంతకు ముందు నెల రోజుల్లో నొప్పి గానీ పట్టేసినట్టు ఉండటం గానీ లేదు. అంటే నడివయసు దాటాక మెనిస్కస్‌లో చిరుగు చాలామందిలో జుట్టు నెరిసినంత మామూలు విషయం. స్కానింగ్‌లో కనిపించింది కదా అని నొప్పి నేరాన్ని దాని మీదే మోపడం తొందరపాటు.

అసలు దెబ్బ 2013లో ఫిన్లాండ్ నుంచి వచ్చింది. 35-65 ఏళ్ల మధ్య వయసులో, అరుగుదల వల్ల మెనిస్కస్ చిరిగిన 146 మందిని అక్కడి వైద్యులు రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి చిరిగిన ముక్కను కత్తిరించారు. రెండో బృందానికి ఆపరేషన్ చేసినట్టు నటించారు. మత్తు ఇచ్చారు, రంధ్రాలు పెట్టారు, కెమెరాతో లోపల చూశారు, పరికరాల శబ్దం వినిపించారు. కానీ మెనిస్కస్‌ను ముట్టుకోలేదు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే రెండు బృందాలూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆపరేషన్ తర్వాత రెండు బృందాలకూ ఒకే రకమైన వ్యాయామ సూచనలు ఇచ్చారన్నది ఈ కథలో చాలామంది దాటేసే వివరం. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది కీళ్ల అరుగుదల రోగుల మీద జరిగిన ఇలాంటి ప్రయోగమే 2002లో ఇదే ఫలితం ఇచ్చింది. అప్పట్లో అదొక వింతగా మిగిలిపోయింది.

మరి వ్యాయామాన్నీ ఆపరేషన్‌నూ నేరుగా పోటీకి దించితే? నార్వేలో సగటున 50 ఏళ్ల వయసున్న 140 మందితో ఆ పని చేశారు. సగం మందికి ఆపరేషన్, సగం మందికి 12 వారాల పాటు వారానికి రెండు మూడు సార్లు పర్యవేక్షణలో వ్యాయామం. 2016లో ప్రచురించిన ఫలితాల్లో, రెండేళ్ల తర్వాత రెండు బృందాల మధ్య తేడా లేదు. తొడ కండరాల బలంలో మాత్రం వ్యాయామం చేసినవారే ముందున్నారు. నెదర్లాండ్స్‌లో 45-70 ఏళ్ల వయసున్న 321 మందిలో ఒక బృందానికి ఆపరేషన్ చేసి, రెండో బృందానికి 16 వ్యాయామ తరగతులు ఇచ్చి చూశారు. రెండేళ్ల తర్వాత వ్యాయామం ఆపరేషన్‌కు తీసిపోలేదని 2018లో ప్రకటించారు. వయసు మళ్లినవారి సంగతి సరే, కుర్రాళ్ల మాటేమిటి? డెన్మార్క్‌లో 18-40 ఏళ్ల మధ్య వయసున్న 121 మందితో జరిగిన పరిశోధన 2022లో వెలువడింది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారు, ముందు వ్యాయామం మొదలుపెట్టి అవసరమైతే తర్వాత ఆపరేషన్‌కు వెళ్లినవారి కంటే ఏడాది తర్వాత గణనీయంగా మెరుగ్గా ఏమీ లేరు.

ఇందులో దాచాల్సింది కూడా ఏమీ లేదు. వ్యాయామ బృందంలో చేరిన అందరూ వ్యాయామంతోనే సరిపెట్టుకోలేదు. నార్వేలో అయిదోవంతు మంది, నెదర్లాండ్స్‌లో 29 శాతం మంది, డెన్మార్క్‌లో నాలుగోవంతు మంది తర్వాత ఆపరేషన్ చేయించుకున్నారు. దాన్ని వ్యాయామం ఓటమిగా చూసేవారున్నారు. మిగిలిన డెబ్బయి, ఎనభై శాతం మంది కత్తి దాకా వెళ్లకుండానే గట్టెక్కారన్నది అదే లెక్కకు రెండో వైపు. అరుగుదలతో వచ్చే మోకాలి సమస్యల్లో దాదాపు ఎవరికీ కీహోల్ ఆపరేషన్ వద్దని బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2017లో ప్రచురించిన అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకం గట్టిగానే చెప్పింది.

చిరుగు చిరుగులాగే ఉన్నా వ్యాయామంతో నొప్పి ఎలా తగ్గుతుంది? మోకాలు వాచినప్పుడు లోపల నీరు చేరుతుంది. దాంతో తొడ ముందు కండరం క్వాడ్రిసెప్స్‌కు నరాల నుంచి అందే ఆజ్ఞ సన్నగిల్లుతుంది. రోగి ఎంత ప్రయత్నించినా కండరం పూర్తిగా బిగుసుకోదు. కొద్ది వారాల్లోనే తొడ చిక్కిపోతుంది. టేపు పెట్టి రెండు తొడలూ కొలిస్తే తేడా తెలిసిపోతుంది. అడుగు వేసినప్పుడల్లా పడే కుదుపును మింగేయాల్సిన కండరం చేతులెత్తేస్తే ఆ భారమంతా కీలు మీద పడుతుంది. నొప్పి వల్ల నడక తగ్గించడం, నడక తగ్గడం వల్ల కండరం ఇంకా చిక్కడం, దాంతో నొప్పి పెరగడం... ఈ సుడిగుండాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. కండరం దగ్గర తెంపడం తేలిక.

రక్తనాళాలు లేని మృదులాస్థికి ఆహారం కీలు లోపలి ద్రవం నుంచే అందుతుంది. నీళ్లలో స్పాంజిని నొక్కి వదిలినట్టు, బరువు పడి తొలగినప్పుడల్లా ఆ ద్రవం లోపలికీ బయటికీ కదులుతుంది. కదలకుండా పడుకోబెట్టిన కీలుకు ఆ మేరకు పోషణ తగ్గినట్టే. మెనిస్కస్ ఆపరేషన్ జరిగిన 45 మందిని స్వీడన్‌లో పరిశీలించారు. నాలుగు నెలల పాటు ఓ మోస్తరు వ్యాయామం చేసినవారి మృదులాస్థిలో నాణ్యత మెరుగుపడిన సూచనలు స్కానింగ్‌లో కనిపించాయని 2005లో ప్రకటించారు. 'అరిగిన మోకాలిని ఇంకా అరగదీయడం ఎందుకు?' అనే ఇంటింటి వాదనకు ఇది చిన్న జవాబు. అరిగిన గుజ్జు మళ్లీ మొలుస్తుందని మాత్రం కాదు. అలా చెప్పి పొడులు, నూనెలు అమ్మేవారికి కొదవ లేదు.

తెలుగునాట సగటు రోగికి ఫిజియోథెరపీ అంటే 'కరెంటు పెట్టించుకోవడం'. పది రోజుల ప్యాకేజీ ఉంటుంది. వెళ్లగానే బల్ల మీద పడుకోబెడతారు. మోకాలికి ప్యాడ్లు అంటించి యంత్రం ఆన్ చేస్తారు. జివ్వుమంటుంది. తర్వాత అల్ట్రాసౌండ్ లేదా వేడి మైనం. చివర్లో అయిదు నిమిషాలు కాలు పైకెత్తి దించమంటారు, జిరాక్స్ కాగితం ఒకటి చేతికిస్తారు. పదకొండో రోజుకు కాగితం ఫ్రిజ్ మీదికి చేరుతుంది. నెల తర్వాత నొప్పి తిరిగొస్తుంది. 'ఫిజియోథెరపీ కూడా చేయించాం, గుణం కనిపించలేదు' అంటూ కుటుంబం సర్జన్ దగ్గరికి వెళుతుంది. ఆ మాట కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. అది నిజం కాదు. వారు చేయించింది యంత్రాల వైద్యం. పరిశోధనల్లో నెగ్గింది వ్యాయామం. యంత్రాలతో కాసేపు ఉపశమనం దొరకొచ్చు గానీ చిక్కిన తొడను నింపడం వాటి వల్ల కాదు.

తప్పంతా ఫిజియోథెరపిస్టులదేనని అనడానికీ లేదు. ఒక్కొక్కరు ఏకకాలంలో నలుగురైదుగురు రోగులను చూసుకునే చోట్ల యంత్రానికి అప్పగించడం తేలిక. రోగులు కూడా యంత్రం ఉంటేనే వైద్యం జరిగిందనుకుంటారు. లేచి కూర్చోమని చెప్పినందుకు డబ్బులా అని ముఖం మీదే అడిగేవారున్నారు. ఈ వృత్తికి చట్టపరమైన జాతీయ గుర్తింపు దక్కిందే 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టంతో. 2025 సెప్టెంబర్‌లో వీరు పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోకూడదంటూ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఆదేశం ఇవ్వడం, వెంటనే వెనక్కి తీసుకోవడం పెద్ద వార్తయింది. పేరు ముందు ఏముండాలన్న దాని మీద జరిగిన చర్చలో పదోవంతు కూడా రోగితో ఎన్ని నిమిషాలు వ్యాయామం చేయిస్తున్నారన్న దాని మీద జరగలేదు.

డబ్బు కూడా కత్తి వైపే మొగ్గుతోంది. ఆరోగ్య బీమా పాలసీలైనా, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాలైనా ప్రధానంగా ఆసుపత్రిలో చేరే వైద్యం చుట్టూ అల్లినవే. బల్ల ఎక్కితే బిల్లు చెల్లుతుంది. 12 వారాలు వచ్చిపోతూ చేసే వ్యాయామానికి సాధారణంగా జేబులోంచే తీయాలి. దానికి ఆటో చార్జీలు, పోగొట్టుకునే కూలి అదనం. రోజంతా వంగి నాట్లు వేసే, గొంతుక్కూర్చుని కలుపు తీసే మహిళకు వారానికి రెండు పూటలు పట్టణానికి వెళ్లి రావడమంటే మాటలు కాదు.

మంచి వ్యాయామ చికిత్స ఎలా ఉండాలి? మొదటి రెండు వారాలు వాపు తగ్గించి, నిద్రపోతున్న కండరాన్ని లేపడమే పని. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి అయిదు సెకన్లు నొక్కి పట్టడం, కాలు నిటారుగా ఉంచి జానెడు ఎత్తడం, మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం. ఇక్కడితో ఆగిపోయేవారే ఎక్కువ. అసలు వైద్యం ఆ తర్వాతే మొదలవుతుంది. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు ఆనుకుని కొద్దిగా కిందికి జారడం, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, పక్కకు తిరిగి పడుకుని పై కాలు ఎత్తడం, పీట మీదికి ఒక్కో కాలితో ఎక్కి దిగడం. ఆరో వారం నుంచి బరువులు కలవాలి. జిమ్ అక్కర్లేదు. కిలో ఉప్పు ప్యాకెట్ గుడ్డ సంచిలో వేసి చీలమండకు కట్టుకోవచ్చు. పాత సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలా పనికొస్తుంది. చివరి దశలో గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం, సైకిల్ తొక్కడం.

పదేసి సార్లు చొప్పున మూడు విడతలు అన్నది మామూలు లెక్క. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. అలా అనిపించకపోతే బరువు చాలడం లేదని అర్థం. నెల రోజులుగా అదే వ్యాయామం, అదే బరువు చేయిస్తున్నారంటే అక్కడ చికిత్స ఆగిపోయినట్టే. నొప్పి వస్తే ఆపేయాలా అన్నది అందరి సందేహం. డెన్మార్క్‌లో 2013 నుంచి నడుస్తున్న మోకాలి వ్యాయామ కార్యక్రమం దీనికి తేలికైన కొలత పెట్టింది. నొప్పిని సున్నా నుంచి పది దాకా లెక్కేసుకుంటే అయిదు వరకూ ఫర్వాలేదు, ఇరవై నాలుగు గంటల్లో అది మామూలు స్థాయికి రావాలి. మర్నాటికీ తగ్గకపోయినా, వాపు పెరిగినా తర్వాతి రోజు మోతాదు తగ్గించాలి. మానేయక్కర్లేదు. ఒళ్లు తగ్గడం కూడా మందే. కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005 నాటి అమెరికా అధ్యయనం లెక్కకట్టింది.

ఒక విషయంలో మాత్రం నార్వే, డెన్మార్క్ పాఠాలను యథాతథంగా దించుకోవడం కుదరదు. అక్కడ రోగి లక్ష్యం నడక, మెట్లు, మహా అయితే స్కీయింగ్. ఇక్కడ బాసింపట్టు వేసుకుని భోజనం చేయాలి, గొంతుక్కూర్చుని మరుగుదొడ్డి వాడాలి, నమాజులో మోకాళ్ల మీద కూర్చోవాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నవారూ ఉంటారు. మోకాలు పూర్తిగా మడిచినప్పుడు మెనిస్కస్ వెనక భాగం మీద ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి మొదటి వారాల్లో వెస్ట్రన్ కమోడ్, ఎత్తు స్టూలు తప్పవు. కానీ 'ఇక జీవితంలో కింద కూర్చోవద్దు' అన్న సలహా చాలామందికి అనవసరపు శిక్ష. తిరిగి కింద కూర్చోగలిగేలా చేయడం కూడా వైద్యంలో భాగంగానే ఉండాలి.

ఆపరేషన్ తప్పనిసరి అయ్యే సందర్భాలున్నాయి. చిరిగిన ముక్క మడత పడి కీలులో ఇరుక్కుంటే మోకాలు చాపడానికి రాకుండా బిగుసుకుపోతుంది. ఆటలోనో బైక్ ప్రమాదంలోనో మోకాలు మెలిపడి గంటల్లోనే బాగా వాచినా, నడుస్తుంటే కాలు పట్టు తప్పుతున్నా లిగమెంట్ తెగి ఉండొచ్చు. కుర్రవాళ్లలో, రక్తం అందే బయటి అంచున పడ్డ చిరుగును కత్తిరించడం కాక కుట్టడం సాధ్యం. అక్కడ ఆలస్యం నష్టమే. జ్వరంతో పాటు మోకాలు ఎర్రగా, వేడిగా వాస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కుట్టినా, మృదులాస్థి కణాలు అమర్చినా ఆ తర్వాత నెలల తరబడి చేయాల్సింది మళ్లీ వ్యాయామమే. సైనా నెహ్వాల్ 2016 ఆగస్టులో, రియో ఒలింపిక్స్ తర్వాత మోకాలికి శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఏడాదిలో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం, 2018లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచారు. అదే మోకాళ్లలో గుజ్జు బాగా దెబ్బతిందని, ఆర్థరైటిస్ వచ్చిందని 2024లో ఆమే వెల్లడించారు. కసరత్తుకూ ఒక హద్దు ఉంటుంది.

ఇక అడ్డదారుల సంగతి. గ్లూకోసమైన్ బిళ్లలు మొత్తం మీద ఉత్తుత్తి బిళ్లల కంటే మెరుగ్గా పనిచేయలేదని 1,583 మందితో జరిగిన అమెరికా పరిశోధన 2006లోనే చెప్పింది. సొంత రక్తం నుంచి తీసి ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షన్ ఉప్పునీటి ఇంజెక్షన్‌ను మించలేదని ఆస్ట్రేలియాలో 288 మందితో చేసిన అధ్యయనం 2021లో తేల్చింది. రెండూ మందుల షాపుల్లో, క్లినిక్‌లలో ధీమాగా అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఆ టీచర్ విషయానికొస్తే, ఆమె మోకాలు బిగుసుకుపోలేదు, పట్టు తప్పడం లేదు. కాబట్టి 12 వారాల గడువు తీసుకునే వెసులుబాటు ఆమెకుంది. మంచి ఫిజియోథెరపిస్టు మొదటి రోజే రెండు తొడలూ కొలుస్తారు, అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో లెక్కపెట్టి రాసుకుంటారు. ఆరు వారాలకు ఒకసారి, 12 వారాలకు ఒకసారి ఆ లెక్క మళ్లీ చూస్తారు. అంకెలు కదలకపోతే, నొప్పి తగ్గకపోతే సర్జన్ దగ్గరికి దారి తెరిచే ఉంటుంది. బలపడిన తొడ అప్పుడూ వృథా పోదు. ఆమె కోరిక వచ్చే ఏడాది వ్రతానికి కింద కూర్చోవాలని. అయితే సాధన కుర్చీతో మొదలవుతుంది. నెల తర్వాత ఎత్తు స్టూలు, ఆ పైన రెండు పీటలు ఒకదాని మీద ఒకటి, చివరికి ఒక్క పీట.